ముర్రుపాలపై తొలి హక్కు దూడది

ఆవు ఈనినదని తెలిసిన వెంటనే ఇరుగుపొరుగువారు జున్నుపాలకై గిన్నెలు పంపుటయు, ఇంటి యిల్లాలు మొగమాటపడి తొలి పితుకు పాలను పంచిపెట్టుటయు మన పల్లెలలో నేటికిని కానవచ్చుచున్నది. తడి యారని మేనితో, నిలువబోయి కూలబడుచు, పొదుగుకై ముట్టెతో తడవుకొనుచున్న దూడ మాట మాత్రము ఎవ్వరికిని తలపునకు రాదు. జున్నుపై నాకు ద్వేషము లేదు. మిరియమును బెల్లమును వేసి ఆవిరిపై ఉడికించినదానిని కాదనగల విరాగిని కాను. నా వివాదమెల్ల ముందువెనుకలను గూర్చియే.

ముర్రుపాలు రోగములనుండి కాచునని రైతులు ఎరుగుదురు. ఆ పాలలోనే వృద్ధికారకములను సూక్ష్మమైన ప్రోటీనులు కలవనియు, ప్రేగు లోపొర యెదుగుదలకు అవి తోడ్పడుననియు ఎరిగినవారు అరుదు. చుంచెలుకల లాలాజలగ్రంథులనుండి వేరుపరచిన యిట్టి యొక వృద్ధికారకమును అప్పుడే పుట్టిన పిల్లలకు ఎక్కించగా కనురెప్పలు గడువునకు ముందే విచ్చుకొనుటను శాస్త్రజ్ఞుడు స్టాన్లీ కోహెన్ కనిపెట్టి, 1962లో దానిని వెల్లడించెను. వృద్ధికారకములపై చేసిన కృషికి ఆయనకును రీటా లెవీ మొంటాల్చినికిని 1986లో నోబెల్ బహుమానము లభించినది. ఆ పదార్థమే జీర్ణాశయమున ఆమ్లస్రావమును అణచునని పిమ్మట తేలెను.

ప్రేగు లోపొరకే కాదు, దాని కదలికకును వృద్ధికారకములు కావలయును. ఆ కదలిక కండరమొక్కదాని వలన సాగునది కాదు. దాని గోడలో అల్లుకొన్న నాడీజాలమును, కదలికకు లయనిచ్చు కాహాల్ కణములును జతగూడిననే ఆహారము ముందునకు జరుగును. జీడీఎన్ఎఫ్ అను వృద్ధికారకము లేకుండ పుట్టించిన చుంచెలుకల ప్రేగులో చాలభాగమున నాడీకణములే యేర్పడలేదు. 1886లో కోపెన్‌హాగెన్ వైద్యుడు హిర్ష్‌స్ప్రుంగ్ వర్ణించిన శిశురోగములోను, పెద్దప్రేగు తుదను నాడీకణములు కొరవడుటచేతనే మలము స్తంభించును. గర్భమందు నాడీజాలముతో సిద్ధమైన దూడ ప్రేగు యంత్రమునకు పని కల్పించునది ముర్రుపాలే. కడుపులో పేరుకొన్న నల్లని జిగట మలము వెడలుటకు అవియే మృదువైన విరేచనౌషధము.

ఇక మాయ పడువరకు పాలు త్రాగనీయరాదను నమ్మకము కలదు గదా, అది జున్నుకోరికకంటెను క్రూరమైనది. మాయ పడుటకు ఒక్కొక్కప్పుడు పండ్రెండు గంటలు పట్టును. రక్షక ప్రోటీనులను చెక్కుచెదరక రక్తమునకు అందింపగల దూడ ప్రేగు శక్తి యా వేళకు మిక్కిలి తగ్గి, దినము గడచుసరికి దాదాపు మూసికొనును. పైగా దూడ చీకుటచే తల్లి రక్తమున విడుదలయగు ఆక్సిటోసిన్ గర్భాశయమును ముడుచుకొనజేయును గనుక, మాయ పడుటకై దూడను ఆపుట తలక్రిందుల వైద్యము.

రైతు నష్టపోవునదియు లేదు: కాచిన విరుగు తొలిదినముల పాలను పాలసేకరణ కేంద్రములవారు ఎట్లును పోయించుకొనరు. ఇరువదియైదు కిలోల దూడకు మొదటి దినమున రెండున్నర లీటర్లు, అందును సగము రెండు గంటలలోపల త్రాగించి, మిగిలినది ఎవరికి పంచినను నాకభ్యంతరము లేదు; మరునాటి పాలకును జున్ను పేరుకొనును, కొంచెము మెత్తగా.