సాయుధ పౌరుడు: రక్షకుడా, మరో ప్రమాదమా?

దుండగుణ్ణి నిలువరించడానికి తుపాకి గల పౌరుడొక్కడున్నా చాలునన్న వాదం అమెరికాలో తరచు వినవస్తుంది. అందులో నిజం లేకపోలేదు. 1966 ఆగస్టు 1న ఆస్టిన్ నగరంలో, టెక్సస్ విశ్వవిద్యాలయ గోపురం మీది నుండి ఒకడు కనబడినవారినల్లా కాల్చసాగాడు. పౌరులు వేట తుపాకులు తెచ్చి ఎదురుకాల్పులు జరిపారు. హంతకుడు పిట్టగోడ చాటున నక్కి, నీరు పోయే తూముల గుండా గురిపెట్టవలసివచ్చింది. అయితే అతణ్ణి హతమార్చడానికి పైకెక్కిన పోలీసులకూ క్రిందినుండి వచ్చే ఆ తూటాల వల్లనే ప్రాణాపాయం ఏర్పడింది.

2021 జూన్‌లో కొలరాడో రాష్ట్రంలోని ఆర్వాడాలో, పోలీసు అధికారిని చంపిన దుండగుణ్ణి ఒక సాయుధ పౌరుడు కాల్చి కూల్చాడు. దుండగుని తుపాకి చేతబట్టి నిలిచిన అతణ్ణి మరొక హంతకుడిగా భ్రమించి ఇంకొక పోలీసు అధికారి కాల్చి చంపాడు.

2000–2013 మధ్య జరిగిన ఇటువంటి 160 ఘటనలను ఎఫ్.బి.ఐ. పరిశీలించింది. పోలీసులు కాని సాయుధుల ఎదురుకాల్పులతో ముగిసినవి 5. వాటిలోనూ నాలుగింట కాల్చినవారు కాపలా ఉద్యోగులే. నిరాయుధులు దుండగుణ్ణి పట్టి బంధించినవి 21.

సాయుధ పౌరుడు ఒక్కొక్కప్పుడు ప్రాణాలు కాపాడగలడు. కాని తాను రక్షకుడనని తెలిపే చిహ్నమేదీ అతని ఒంటిమీద ఉండదు.