మునిగే పడవకు డబ్బులెందుకు?

మా ఆడపడుచు వాళ్లు అమెరికాలో, నార్త్ కరొలైనాలోని గ్రీన్స్‌బరోలో ఉంటారు. ఆమధ్య ఫోన్లో మాట్లాడుతూ, వాళ్ల ఊళ్లోని గిల్‌ఫర్డ్ అనే చిన్న కాలేజీ డబ్బుల్లేక మూతపడేలా ఉంటే, అక్కడ చదివి వెళ్లినవాళ్లే చందాలు పోగు చేశారని చెప్పింది. పక్కన పేపరు చదువుకుంటున్న మా వారు "మునిగే పడవలో ఎవరైనా డబ్బులు పోస్తారా?" అనేశారు. నాలుగు రోజులు ఆ మాట నన్ను వదల్లేదు. కూర్చుని ఆ కాలేజీ సంగతులు చదివాను.

అది క్వేకర్లు పెట్టింది. క్రైస్తవుల్లో వాళ్లదో శాఖ. ప్రార్థనంటే అందరూ మౌనంగా కూర్చోవడమే. ఏ నిర్ణయమైనా చేతులెత్తించి లెక్కపెట్టరు, అందరికీ సమ్మతమయ్యేదాకా మాట్లాడుకుంటారు. 1837లో వాళ్లు బడి తెరిచిన రోజున చేరింది ఇరవై ఐదుమంది మగపిల్లలు, ఇరవై ఐదుమంది ఆడపిల్లలు. మన వీరేశలింగం గారు పుట్టడానికి అప్పటికింకా పదకొండేళ్లుంది! బానిసత్వం నుంచి పారిపోయి వచ్చేవాళ్లు ఆ అడవుల్లో దాక్కుంటే క్వేకర్లు సాయం చేసేవారట. 1888లో ఆ బడే కాలేజీ అయింది.

పిల్లలు తగ్గారు, అప్పులు పెరిగాయి, పైన కరోనా వచ్చి పడింది. 2020 నవంబరులో యాజమాన్యం 42 మేజర్లలో 19 ఎత్తేస్తామంది. అందులో చరిత్ర కూడా ఉంది. అంత చరిత్ర ఉన్న కాలేజీలో చరిత్రే చెప్పరట! పూర్వ విద్యార్థులు ఊరుకోలేదు. ఒక సంఘంగా కూడి, డబ్బిస్తాం, ముందు ఆ ప్లాను ఆపండి అన్నారు. 2021లో బోర్డు వెనక్కి తగ్గింది.

కథ అక్కడితో అయిపోతే మా వారికి జవాబు సులువుగా చెప్పేదాన్ని. కానీ 2024 డిసెంబరులో కాలేజీకి గుర్తింపునిచ్చే సంస్థ ఆర్థిక పరిస్థితి బాగాలేదని దాన్ని ప్రొబేషన్లో పెట్టింది. 2025లో అక్కడ చదువుకున్నావిడే ప్రెసిడెంటు బాధ్యత తీసుకుని మళ్లీ చెయ్యి చాపాల్సి వచ్చింది. "చూశావా, నాలుగేళ్లకే మళ్లీ మొదటికొచ్చింది" అన్నారు మా వారు.

నిజమే. చందాలతో ఇల్లు గడవదని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నెలాఖరున డబ్బాల్లో చిల్లర వెతికేదాన్ని నేనే కదా. ఖర్చు తగ్గాలి, పిల్లలు పెరగాలి, అదంతా కాలేజీ చేసుకోవాల్సిన పనే. కానీ ఆ నాలుగేళ్లు ఊరికే పోయాయంటే ఒప్పుకోను. 2021లో చేరిన పిల్ల ఎవరో, తనకిష్టమైన చరిత్ర తీసుకుని 2025లో పట్టా పుచ్చుకునే ఉంటుంది. ఆ పిల్లకి సంబంధించినంతవరకు పడవ ఒడ్డు చేరినట్టే కదా? మా నాన్నగారు నా ఫీజుకి అమ్మ గాజులు తాకట్టు పెట్టినప్పుడు, దీంతో మన కష్టాలన్నీ తీరిపోతాయా అని ఎవరూ అడగలేదు. ఆ ఏడు గడిచింది, నేను పరీక్ష రాశాను.

నాకు ఇంకా నచ్చింది వాళ్లు డబ్బుతో పాటు మాట కూడా అడగడం. మనవాళ్లు కాలేజీకి ఫ్యాన్లిస్తారు, రెక్కల మీద పేరు రాయిస్తారు, సిల్వర్ జూబిలీకి శాలువాలు కప్పుకుని బిర్యానీ తిని వచ్చేస్తారు. లోపల ఏ సబ్జెక్టు ఉంది, ఏది పోయింది అని అడగరు. నేనూ అడగలేదు. నేను స్పెషల్ తెలుగు చదివిన కాలేజీలో ఆ గ్రూపు ఎత్తేసి మూడేళ్లయిందని నాకు పోయిన సంక్రాంతికి, అదీ బస్‌స్టాండులో కనిపించిన ఓ జూనియరు చెబితే తెలిసింది. చేరేవాళ్లు లేరన్నారట. లేరా, లేక అడ్మిషన్లప్పుడు ఆ గ్రూపు ఉందని ఎవరూ చెప్పలేదా? చెప్పే మనుషులం ఊరిలో పాతికమందిమైనా ఉన్నాం.

నిన్న మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో, శుభోదయం పూల బొమ్మల మధ్య, ఇప్పుడున్న ప్రిన్సిపాల్ గారి నంబరు ఎవరి దగ్గరైనా ఉందా అని అడిగాను. ఇద్దరు దణ్ణాలు పెట్టారు. ఒకావిడ మాత్రం "ఎందుకే?" అంది. సాయంత్రం ఆవిడకు ఫోన్ చెయ్యాలి.