సంపాదకుని మాట: విషం నుంచి పరిశోధన సాధనం

కణపు పొరలో అయాన్లు రాకపోకలు సాగించే ప్రోటీన్ మార్గాలను అయాన్ ఛానళ్లు అంటారు. వాటిలో దేని పని ఏమిటో తేల్చాలంటే తక్కినవాటి జోలికి పోకుండా ఆ ఒక్కదాన్నే మూసి చూడాలి. అందుకు ఉపకరించే ఒమేగా-కోనోటాక్సిన్ ఎం.వి.ఐ.ఐ.ఎ. ఒక పెప్టైడ్, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు. చేపలను వేటాడే కోనస్ మేగస్ అనే సముద్రపు నత్త విషంలో యూటా విశ్వవిద్యాలయానికి చెందిన బాల్డొమెరో ఒలివెరా బృందం దీనిని గుర్తించగా, నేడు ప్రయోగశాలలోనే కృత్రిమంగా తయారుచేస్తున్నారు. 25 అమైనో ఆమ్లాల ఈ గొలుసును మూడు డైసల్ఫైడ్ బంధాలు, అంటే గంధకపు ముడులు, బిగించి ఉంచుతాయి. అది నాడీకణాల కొసన ఉన్న ఎన్-రకపు కాల్షియం ఛానల్‌కు అడ్డుపడి, సంకేతాలను చేరవేసే రసాయనాల విడుదలను నిలిపివేస్తుంది. దీని కృత్రిమ రూపమైన జికోనోటైడ్ 2004లో అమెరికాలో తీవ్రమైన దీర్ఘకాలిక నొప్పికి మందుగా ఆమోదం పొందింది. పరిశోధన సాధనమే ఔషధంగా మారిన ఈ క్రమాన్ని ప్రస్తుత సంచిక పరిశీలిస్తున్నది.