పేరు తీసేస్తే కవిత మిగలదా?

మొన్న శనివారం మా కవితల పోటీ నిర్వాహకుల ఫోన్ సమావేశం జరిగింది. ఫోన్ సమావేశమంటే తెలిసిందే కదా, మొదటి పావుగంట "హలో, వినిపిస్తోందా"తోనూ, రెండో పావుగంట ఎవరింట్లోనో ఏడుస్తున్న పిల్లాడితోనూ గడిచిపోయాయి. ఆ తర్వాత మాలో పెద్దాయన, వృత్తిరీత్యా డాక్టరు, నాకు నిజంగానే గౌరవం ఉన్న మనిషి, గొంతు సవరించుకుని రెండు ప్రతిపాదనలు పెట్టారు. ఒకటి, ఈ ఏడాది నుంచి కవితకి పది డాలర్ల ప్రవేశ రుసుము. రెండు, చివరి వడపోతలో మిగిలిన ఇరవై కవితలనీ న్యాయనిర్ణేతలకి కవుల పేర్లతో సహా ఇవ్వడం. "ఎన్నాళ్ళు బాబూ ఈ దాగుడుమూతలు? రాసిందెవరో తెలియకుండా కవిత ఎలా అర్థమవుతుంది?" అన్నారు. నలుగురు ఔనన్నారు, ఇద్దరు మ్యూట్‌లో ఉన్నారు, నేను కాదన్నాను. వచ్చే ఆదివారం ఓటింగు.

ఫోన్లో నేను సరిగ్గా చెప్పలేకపోయాను. కోపమొస్తే నాకు తెలుగూ రాదు, ఇంగ్లీషూ రాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు నా తప్పొకటి చెప్పుకోవాలి. మొదటి ఏడాది మేం కూడా అందరిలాగే చేశాం. మన వారపత్రికల పోటీ ప్రకటనలు చదివి పెరిగినవాళ్ళకి ఆ నిబంధనలు కంఠతా వచ్చుంటాయి. రచన మీద పేరు రాయరాదు, హామీపత్రం విడిగా జతచేయాలి, అనువాదమూ అనుకరణా కాదని రాసివ్వాలి, ఉత్తరప్రత్యుత్తరాలకు తావు లేదు. అలాగే కవితలకి నంబర్లు వేసి ముగ్గురు న్యాయనిర్ణేతలకి పంపాం. ఏ నంబరు ఎవరిదో చెప్పే స్ప్రెడ్‌షీట్ నా దగ్గరే ఉంది. మార్కులు కూడే పనీ నాదే.

పది కవితలు చివరి విడతకి వెళ్ళాలి. కూడి చూస్తే పదకొండో స్థానంలో నా స్నేహితుడి కవిత ఉంది. అయ్యో అనిపించి, వాడి మార్కులు ఇంకోసారి చూశాను. న్యాయనిర్ణేతల్లో ఒకాయన చేత్తో రాసి పంపిన కాగితంలో ఏడు అంకెని నేను ఒకటిగా ఎక్కించానని తేలింది. దిద్దాను. కవిత తొమ్మిదో స్థానానికి వెళ్ళింది, పదో స్థానంలో ఉన్నావిడ బయటికి పోయింది. మనసులో ఎంత హాయిగా ఉందో! తప్పు నిజంగానే ఉంది, దిద్దడం న్యాయమే కదా అనుకున్నాను.

ఆర్నెల్ల తర్వాత, గిన్నెలు కడుగుతుండగా, తట్టింది. ఆ ఒక్క కవిత లెక్కే నేనెందుకు మళ్ళీ చూశాను? పదకొండో స్థానంలో నాకు ముక్కూమొహం తెలియని మనిషి ఉంటే చూసేవాణ్ణా? మిగతా రెండొందల పైచిలుకు కవితల్లో ఇంకెన్ని ఏళ్ళు ఒకట్లయిపోయాయో (ఏడులు అనాలేమో, ఏడు అంకెకి బహువచనం ఏవిటో నాకిప్పటికీ తెలీదు) ఎవడు చూశాడు? లంచం లేదు, సిఫార్సు లేదు, అబద్ధం లేదు. వాడి పేరు నా కళ్ళబడింది, అంతే. మా కాగితాల మీద అన్నీ సక్రమంగానే ఉన్నాయి, ఇప్పటికీ ఉంటాయి. పదో స్థానం పోయినావిడకి ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు.

ఆ మరుసటేడు నుంచి పద్ధతి మార్చాం. కవితలు అందుకుని నంబర్లు వేసే మనిషి ఒకరు, ఆ మనిషికి మార్కులు కనబడవు. మార్కులు కూడేది ఇంకొకరు, ఆయనకి పేర్లు తెలియవు. న్యాయనిర్ణేతల పేర్లు ఫలితాల దాకా బయటికి రావు, వాళ్ళకి ఒకరి మార్కులు ఒకరికి తెలియవు. నా వృత్తిలో ఇదేం వింత కాదు. కోడ్ రాసినవాడి చేతికి ప్రొడక్షన్ డేటాబేస్ పాస్‌వర్డ్ ఇవ్వం. అలా ఇవ్వకపోవడం వాణ్ణి అవమానించినట్టని ఎవడూ అనుకోడు. కవుల సంగతికొచ్చేసరికి మాత్రం "మమ్మల్నే అనుమానిస్తారా" అని నొచ్చుకుంటారు. అవునండీ, ముందు నన్ను నేను అనుమానించుకున్నాకే మిమ్మల్ని అనుమానిస్తున్నాను.

సరే, పేరు తెలిస్తే కొంపలేం మునుగుతాయి అంటారా? ఈ దేశంలో 2015లో ఒక సంగతి జరిగింది. "బెస్ట్ అమెరికన్ పొయెట్రీ" అనే వార్షిక సంకలనానికి ఆ ఏడాది షెర్మన్ అలెక్సీ సంపాదకుడు. అందులో యీ-ఫెన్ చౌ అనే చైనా పేరుతో ఒక కవిత వచ్చింది. తీరా చూస్తే రాసింది మైఖేల్ డెరిక్ హడ్సన్ అనే తెల్లాయన. సొంత పేరుతో పంపితే ఆ కవితని నలభై సార్లు తిప్పికొట్టారని, అందుకే పేరు మార్చానని ఆయనే చెప్పుకున్నాడు. చేసింది నికృష్టమైన పనే, అందులో నాకు సందేహం లేదు. కానీ సంపాదకుడు దాచకుండా ఒప్పుకున్న మాట చూడండి. ఆ పేరు చూసే ఆ కవిత మీద కాస్త ఎక్కువ శ్రద్ధ పెట్టానన్నాడు. వందలకొద్దీ కవితలు చదివే మనిషికి పేరు అలా పనిచేస్తుంది. మంచి ఉద్దేశమున్నా పనిచేస్తుంది.

మన దగ్గర సంగతి ఇంకా ఘోరం. తెలుగు పేరు ఒట్టి పేరు కాదు కదా, చిన్నసైజు జనాభా లెక్కల పత్రం. ఇంటిపేరు వినగానే సగం, చివరి తోక చూడగానే ఇంకో పావు, ఊరు తెలిస్తే మిగతాది. కులం, ప్రాంతం, ఒక్కోసారి రాజకీయ పార్టీ కూడా మూడు క్షణాల్లో తేలిపోతాయి. అమెరికా వచ్చి ఎన్నేళ్ళయినా ఈ లెక్క మర్చిపోయిన తెలుగువాణ్ణి నేను చూళ్ళేదు. పాట్‌లక్కులో కొత్త జంట కనబడితే "ఇంటిపేరేంటండీ, మాకు తెలిసినవాళ్ళున్నారు ఆ పేరుతో" అని ఆరా తీసేది పప్పులో ఉప్పు గురించి కాదుగా!

ఇది నేను కొత్తగా కనిపెట్టిందేం కాదు. 1965లో దిగంబర కవులు ఆరుగురు ఇంటిపేర్లూ ఒంటిపేర్లూ వదిలేసి నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి, చెరబండరాజు, భైరవయ్య, మహాస్వప్న అని పెట్టుకుని జనం ముందుకొచ్చారు. మొదటి సంపుటి హైదరాబాదులో అర్ధరాత్రి వేళ నాంపల్లి పాండు అనే రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. వాళ్ళ కవిత్వం నచ్చడం నచ్చకపోవడం వేరే సంగతి, నాకూ అందులో అన్నీ నచ్చవు. కానీ తెలుగులో పేరు ఎంత బరువో వాళ్ళకి తెలుసు. మనం ఇన్నేళ్ళ తర్వాత పది వేల మైళ్ళ దూరంలో కూర్చుని ఆ బరువుని మళ్ళీ కవితకి తగిలిద్దాం అంటున్నాం.

డాక్టరుగారి వాదనలో బలముంది, తీసిపారెయ్యను. ఒక దళిత స్త్రీ తన బతుకు గురించి రాసిన కవితని, అది ఆవిడే రాసిందని తెలిసి చదివితే వేరుగా తాకుతుంది. నిజమే. నేను కూడా పుస్తకం కొంటే ముందు అట్ట వెనక రచయిత పరిచయమే చదువుతాను. పోటీలో కూడా పేరు తీసెయ్యడం వల్ల ఒక్కోసారి నష్టం ఉంటుంది. మూడో ఏడాది ఒక పసిబిడ్డ తల్లి గొంతుతో ఉన్న కవితకి బహుమతి వస్తే, రాసింది రిటైరైన ఒక మాస్టారని తర్వాత తెలిసింది. న్యాయనిర్ణేతల్లో ఒకావిడ మోసపోయినట్టు బాధపడ్డారు. ఆవిడ బాధని నేను కొట్టిపారెయ్యలేకపోయాను. అయినా అడుగుతాను, పేర్లు ఇస్తే ఆ లాభం ఎవరికి పోతుంది? ఇరవై పేర్లలో న్యాయనిర్ణేతలు గుర్తుపట్టేవి ఏ నాలుగో ఉంటాయి, వాళ్ళు నలుగురూ ముందే నలుగురికీ తెలిసినవాళ్ళయ్యుంటారు. ఎవరికీ తెలియని ఆ దళిత స్త్రీ పేరు, పేర్లు బయటపెట్టాక కూడా ఎవరికీ తెలియని పేరే.

"పేరున్న కవులు ఇలాంటి పోటీకి రారు" అన్నారొకరు. నాకైతే తిరకాసు అనిపించింది. మా పోటీలో బహుమతి రానివారి పేర్లు ఎవరమూ చూడం, ఫలితాలయ్యాక ఆ ఫైలు చెరిపేస్తాం. పేరున్న కవి ఓడిపోయినా ఆయనకీ, నంబర్లు వేసిన ఒక్క మనిషికీ తప్ప మూడోకంటికి తెలియదు. ఇంతకన్నా పరువు కాపాడే పద్ధతి ఇంకెక్కడుందండీ?

పేరు తీసెయ్యడం అంత తేలికని కూడా అనుకోకండి. వర్డ్ ఫైల్లో రచయిత పేరు లోపలెక్కడో నక్కి ఉంటుంది, ఫైలు పేరే కవి పేరుగా ఉంటుంది. పద్యాలు పంపేవాళ్ళు మకుటంలో తమ పేరు పెడతారు, గజల్ రాసేవాళ్ళు చివరి షేర్‌లో పెడతారు, అది ఆ ప్రక్రియలో భాగమే, తప్పు పట్టలేం. అక్కడ పేరు బదులు అన్నే అక్షరాలున్న మాట ఇంకోటి పెట్టి పంపమని వాళ్ళనే అడుగుతున్నాం. గణాలూ యతీ చెడకుండా అది చెయ్యడమే ఒక అవధానం! అను ఫాంట్లలో వచ్చినవాటిని యూనికోడ్‌లోకి మార్చి, వాట్సాప్‌లో ఫోటోలుగా వచ్చినవాటిని టైపు చేసి, అన్నిటినీ ఒకే ఫాంటులో ఒకే సైజులో పంపుతాం. దక్షిణాఫ్రికా నుంచి ఒకరు రోమన్ లిపిలో పంపారు. 1860 తర్వాత నేటాల్ చెరకు తోటలకి వెళ్ళిన కూలీల సంతతి, తెలుగు మాట్లాడతారు గానీ లిపి రాదు. తెలుగు లిపిలోకి మార్చి అందరితోపాటే నంబరు వేశాం. లేకపోతే "పాపం, అంత దూరంలో ఉండి" అని జాలి మార్కులు పడతాయి. ఆ జాలి కూడా నాకు సరిపడదు.

ఎంత చేసినా కవిత తన చిరునామా తనే చెప్పేస్తుంది. మంచు పడితే అమెరికా, ఇసుక ఎగిరితే గల్ఫు. యాస వస్తే ఇంకా చిక్కు. ఒకసారి అచ్చమైన పాలమూరు మాటల్లో ఉన్న కవితకి ఒకాయన "భాషాదోషాలు" అని రాసి పదికి మూడు వేశారు. ఇంకొకరు తొమ్మిది వేశారు. అదే కవిత కింద పేరున్న కవి సంతకం ఉంటే మొదటాయన కూడా "మాండలిక సొగసు" అని ఉండేవారని నా గట్టి నమ్మకం. పేరు లేకపోవడం ఈ రోగాన్ని కుదర్చలేదు, బయటపెట్టింది. ఇప్పుడు ముగ్గురు న్యాయనిర్ణేతలూ ఒకే ప్రాంతం వాళ్ళు కాకుండా చూస్తున్నాం, ఇద్దరి మార్కుల మధ్య నాలుగు కంటే తేడా ఉంటే ఆ కవితని నాలుగో మనిషికి పంపుతున్నాం.

ఇక పది డాలర్లు. రుసుము పెడితే చెత్త తగ్గుతుందట. చెత్త రాసేవాళ్ళ దగ్గర డబ్బుండదని ఎవరు చెప్పారో నాకు తెలియదు. పది డాలర్లంటే ఎనిమిదొందల రూపాయల పైమాటే, పల్లెటూళ్ళో చాలామందికి ఒకరోజు కూలి కంటే ఎక్కువ. పైగా సముద్రం అవతలికి కట్టాలంటే దానికి పనికొచ్చే కార్డొకటి కావాలి. రుసుము వడకట్టేది కార్డు లేనివాణ్ణి. డాలస్‌లో ఉన్న నాలాంటివాడు అరడజను కవితలు పంపి అరవై డాలర్లు కట్టి, సర్టిఫికెట్ ఎప్పుడొస్తుందని అడుగుతాడు.

రుసుము పెట్టి నిజాయితీగా నడిపేవాళ్ళు లేరని కాదు. బ్రిటన్‌లో పొయెట్రీ సొసైటీ 1978 నుంచి జాతీయ కవితల పోటీ నడుపుతోంది. రుసుముంది, న్యాయనిర్ణేతలకి పేర్లు కనబడవు. 1983లో అందులో మొదటి బహుమతి అందుకున్న కారొల్ ఆన్ డఫీ 2009లో ఆ దేశపు ఆస్థానకవి అయింది. వాళ్ళకి ఆఫీసుంది, జీతాలున్నాయి, పెద్ద బహుమతులున్నాయి. మనకేముందండీ ఖర్చు? సర్వరు అద్దె, నలుగురు కుటుంబాలతో ఒక్క పూట బయట భోంచేస్తే అయ్యేంత. బహుమతి డబ్బు చందాలతో వస్తోంది. మన సంఘాల సంబరాల్లో ఒక సినిమా నటుడి విమాన టిక్కెట్టుకి వెనకాడని చేతులు, ఊళ్ళో కూర్చుని కవిత రాసుకున్న పిల్ల దగ్గర ఎనిమిదొందలు ఎందుకడగాలి?

ఉచితమంటే చాలని కూడా నేననను. మేరీలాండ్‌లో ఇంటర్నేషనల్ లైబ్రరీ ఆఫ్ పొయెట్రీ అని ఒక సంస్థ ఉండేది. ప్రవేశం ఉచితమే. ఏం పంపినా, ఆఖరికి అర్థంపర్థం లేని గిలుకుడు పంపినా, మీరు సెమీ ఫైనలిస్టు, మీ కవితని సంకలనంలో వేస్తున్నాం అని ఉత్తరమొచ్చేది. ఆ సంకలనం కావాలంటే యాభై డాలర్లకి అటూఇటూ. కవి అమ్మా నాన్నా కొంటారు కదా! దాన్ని వెక్కిరించడానికే వెర్గుల్ ఫ్లాంప్ పేరుతో హాస్య కవితల పోటీ ఒకటి పుట్టింది, అది నేటికీ రుసుము లేకుండానే నడుస్తోంది. అందుకే మా నిబంధనల్లో ఒకటుంది. కవి దగ్గర ముందూ వెనకా దమ్మిడీ తీసుకోం, పుస్తకం వేస్తే అందులో ఉన్న కవికి ప్రతి ఊరికే పంపుతాం.

సమావేశం చివర్లో డాక్టరుగారు నవ్వుతూ "పోనీ బాబూ, నేనే ఒక కవిత పంపిస్తాను, పేరు లేకుండా ఎంత దూరం పోతుందో చూద్దాం" అన్నారు. పంపకండి, నిర్వాహకులు పాల్గొనరాదని నిబంధన ఉందని గుర్తు చేశాను. ఆయన నవ్వు కాస్త తగ్గింది. ఈమధ్యే తెలిసింది, ఆయన ముప్ఫయ్యేళ్ళుగా రాస్తున్నారట, ఎవరికీ చూపించలేదట. నిర్వహణ నుంచి తప్పుకుంటే ఆయన కవిత చదవడానికి ముగ్గురు సిద్ధంగా ఉన్నారని ఆదివారం చెబుదామనుకుంటున్నాను.

ఓటింగులో నేను ఓడిపోవచ్చు, లెక్క చూస్తే అలాగే ఉంది. ఈలోగా గడువు మొదలై కవితలు రావడం మొదలైంది. పేర్లున్న ఫైలుకి పాస్‌వర్డ్ నిన్న రాత్రి మా ఆవిడ చేత మార్పించాను. ఏం పెట్టావని రెండుసార్లు అడిగాను, చెప్పలేదు.