ఎస్ఎంఎస్ చోట ఆర్‌సీఎస్.. లాభమెంత, జాగ్రత్త ఎంత?

ఆండ్రాయిడ్ ఫోన్లో మెసేజ్ టైప్ చేసే చోట ఇప్పుడు చాలామందికి 'ఆర్‌సీఎస్ మెసేజ్' అని కనిపిస్తోంది. అదేంటో తెలియకుండానే వాడేస్తున్నారు. ఫోన్ కొన్నాక సెట్టింగులు చూసేదెవరు?

మొదటి ఎస్ఎంఎస్ 1992 డిసెంబర్ 3న బ్రిటన్‌లో వెళ్లింది. ఇంగ్లిష్‌లో అయితే ఒక ఎస్ఎంఎస్‌కు 160 అక్షరాలు పడతాయి. తెలుగులో, ఉర్దూలో రాస్తే 70కే అయిపోతుంది. అది దాటితే రెండో మెసేజ్ లెక్క. మన భాషల్లో రాసేవాళ్లకు ఖర్చు మొదటి నుంచీ ఎక్కువే అన్నమాట.

ఆర్‌సీఎస్‌లో ఈ ఇబ్బంది లేదు. అది ఇంటర్నెట్ డేటా మీద నడుస్తుంది. పొడవాటి మెసేజ్, మంచి ఫొటో, వాయిస్, గ్రూప్ అన్నీ వెళ్తాయి, అవతలివాళ్లు చదివారో లేదో కూడా తెలుస్తుంది. 2024 సెప్టెంబర్‌లో వచ్చిన ఐఓఎస్ 18తో ఆపిల్ కూడా దీనికి తలుపు తెరిచింది. అయితే ఐఫోన్‌లో పనిచేయాలంటే ఆ సిమ్ కంపెనీ కూడా సపోర్ట్ ఇవ్వాలి.

గల్ఫ్‌లో కొడుకో, అల్లుడో ఉన్న ఇళ్లు ఒక సంగతి గమనించాలి. ఆర్‌సీఎస్ వెళ్లకపోతే దాన్ని మామూలు ఎస్ఎంఎస్‌గా మళ్లీ పంపే ఆప్షన్ ఒకటి ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే విదేశీ ఎస్ఎంఎస్ చార్జీ పడొచ్చు. మెసేజెస్ యాప్ సెట్టింగుల్లో 'ఆర్‌సీఎస్ చాట్స్' లోకి వెళ్లి దాన్ని ఆపేయొచ్చు.

అసలు చిక్కు మోసాల దగ్గరుంది. ఎస్ఎంఎస్‌లో వచ్చే వ్యాపార లింకులపై ట్రాయ్ 2024 అక్టోబర్ నుంచి కట్టడి పెట్టింది. ముందుగా నమోదు చేయని లింకు ఉంటే ఆ మెసేజ్ ఆగిపోవాలి. ఆ ఏర్పాటు ఎస్ఎంఎస్‌ను దృష్టిలో పెట్టుకుని చేసింది. ఆర్‌సీఎస్‌లో లోగో, రంగుల బొమ్మ, నొక్కడానికి బటన్ అన్నీ వస్తాయి. చూడ్డానికి అచ్చం బ్యాంకు మెసేజ్‌లా ఉంటే పెద్దవాళ్లు నమ్మేస్తారు. ప్రకటనల గోల ఎక్కువై 2022లో గూగులే ఇండియాలో ఆర్‌సీఎస్ ప్రకటనలను కొంతకాలం ఆపేసింది. పెళ్లి కార్డు పేరుతో, ట్రాఫిక్ చలాన్ పేరుతో వాట్సాప్‌లో తిరిగిన ఏపీకే ఫైళ్ల మోసం అందరికీ తెలిసిందే. ఫైళ్లు మోసే ఏ దారైనా ఆ మోసానికి పనికొస్తుంది.

గోప్యత విషయంలోనూ తేడా ఉంది. గూగుల్ మెసేజెస్ వాడే ఇద్దరి మధ్య ఆర్‌సీఎస్ చాట్‌కు తాళం ఉంటుంది, పంపే బటన్ మీద ఆ గుర్తు కనిపిస్తుంది. గుర్తు లేకపోతే ఆధార్ ఫొటో, బ్యాంకు పాస్‌బుక్ ఫొటో పంపకపోవడమే మంచిది. ఎస్ఎంఎస్‌కైతే ఆ తాళమే లేదు.

కాబట్టి ఆర్‌సీఎస్‌ను ఆపేయాల్సిన పని లేదు, తెలిసి వాడితే చాలు. ఇంట్లో చదువుకున్న పిల్లలు అమ్మీ, అబ్బా, నానీల ఫోన్లు ఒకసారి తీసుకుని చూడాలి. తెలియని నంబర్ నుంచి వచ్చిన లింకు నొక్కొద్దని, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దని ఓపిగ్గా చెప్పాలి. ఒకవేళ డబ్బు పోతే పరువు పోతుందని దాచిపెట్టకుండా వెంటనే 1930కి ఫోన్ చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బును మధ్యలో ఆపే అవకాశం అంత ఎక్కువ.