ఒకే శిక్షణ, సగం అధికారం

సియాటిల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకు టులాలిప్ అంటే బ్రాండెడ్ బట్టలు చౌకగా దొరికే చోటు. అది గిరిజన తెగ రిజర్వేషన్ అనీ, అక్కడ గస్తీ తిరిగే పోలీసులు ఆ తెగ ప్రభుత్వపు ఉద్యోగులనీ చాలామందికి పట్టదు. బోతెల్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చినప్పుడల్లా నా చూపు మాత్రం ఆ పోలీసు కార్ల మీదికే పోతుంది. కానిస్టేబుల్‌గా చేరి సీఐగా రిటైరైనవాణ్ని, కొన్నాళ్లు పాడేరు ఏజెన్సీలో చేసినవాణ్ని మరి.

మామూలుగా తెగ పోలీసుల అధికారం ఎదుటివాడెవరన్న దాన్నిబట్టి మారిపోతుంది. పట్టుబడినవాడు తెగలవాడైతే తెగ కోర్టుకు తీసుకెళ్లవచ్చు. బయటివాడైతే ఆపి, షెరీఫ్‌కో రాష్ట్ర పోలీసులకో అప్పగించాలి. దీనికి మూలం అమెరికా సుప్రీంకోర్టు 1978లో ఇచ్చిన ఒలిఫెంట్ తీర్పు. సియాటిల్‌కు నీటి ఆవలి ఒడ్డున ఉండే సుక్వామిష్ తెగ ఉత్సవంలో, 1973లో, ఒక బయటి వ్యక్తి తెగ పోలీసుపై దాడి చేశాడని కేసు. అతన్ని విచారించే అధికారం తెగకు లేదని కోర్టు తేల్చేసింది.

ఆపే అధికారమైనా ఉందా అన్నది మరో పేచీ. తాగి నడిపిన బయటివాణ్ని రాష్ట్ర పోలీసులు వచ్చేదాకా పట్టి ఉంచవచ్చని వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 1993లో చెప్పింది. ఆ తర్వాత లమ్మీ రిజర్వేషన్ కేసు వచ్చింది. రాత్రిపూట సెంటర్ లైన్ మీదికి జరుగుతూ పోతున్న కారును తెగ అధికారి వెంబడించాడు. నడిపే మనిషి హద్దు దాటి ఒక పెట్రోలు బంకులో ఆపి, గబుక్కున పక్క సీట్లోకి జరిగింది. హద్దు బయట ఆమెను పట్టి ఉంచే అధికారం అతనికి లేదని 2011లో అదే కోర్టు అంది.

ఆ తీర్పు సంగతి తెలిసినప్పుడు నాకు మా దగ్గరి ఒక కల్వర్టు గుర్తొచ్చింది. దాని పక్కన శవం ఉంది. శవం ఎవరి పరిధిలోకి వస్తుందని రెండు స్టేషన్ల సిబ్బంది టేపు పట్టి కొలుస్తున్నారు. చనిపోయినవాడి భార్య పక్కనే నిలబడి చూస్తోంది. హద్దు పోలీసుల సౌకర్యానికి గీసుకున్నది. దాని వల్ల జనానికి రక్షణ తగ్గడం అన్యాయం.

అందుకే వాషింగ్టన్ శాసనసభ 2008లో చేసిన చట్టం మంచిదంటాను. రాష్ట్ర శిక్షణ కమిషన్ సర్టిఫికెట్ ఉన్న తెగ అధికారికి రిజర్వేషన్‌లో రాష్ట్ర పోలీసు అధికారం వస్తుంది. వెంబడిస్తూ హద్దు దాటినా చెల్లుతుంది. అయితే తెగ ప్రభుత్వం బీమా తీసుకోవాలి, ఆ బీమా మేరకు సార్వభౌమత్వాన్ని అడ్డం పెట్టుకోకూడదు, పరిధి పంచుకునే స్థానిక పోలీసు శాఖలతో ఒప్పందం రాసుకోవాలి. సొంత ప్రభుత్వం ఉన్నవాళ్లం, రాష్ట్రం దగ్గర లైసెన్సు ఎందుకు తెచ్చుకోవాలని తెగలవాళ్లు అడిగితే తప్పుపట్టలేను. సర్టిఫికెట్, బీమా మాత్రం ఉండాల్సిందే. తుపాకీ పట్టినవాడు ఎవరైనా లెక్క చెప్పాలి. నా అభ్యంతరం ఒప్పందం మీద. శిక్షణంతా పూర్తిచేసిన అధికారి, తన పెద్దలకూ పక్క షెరీఫ్‌కూ సయోధ్య కుదిరేదాకా ఎందుకు ఆగాలి? సర్టిఫికెట్ చేతికొచ్చిన రోజే అధికారమూ రావాలి.

రోడ్డు మీద పని ఎలా ఉంటుందో న్యాయమూర్తులకు అర్థమైన సందర్భమూ ఉంది. మోంటానాలోని క్రో రిజర్వేషన్‌లో 2016లో, అర్ధరాత్రి దాటాక, హైవే పక్కన ఆగిన ట్రక్కు దగ్గరికి తెగ అధికారి వెళ్లాడు. ముందు సీట్లో రెండు రైఫిళ్లు, తర్వాత మత్తుమందు దొరికాయి. అతను ముందు ఆ డ్రైవరు తెగలవాడా కాదా అని అడగాల్సిందని కింది కోర్టు అంది. అలా అడిగితే అబద్ధమాడమని చెప్పినట్టేనని 2021లో అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిది మందీ ఒక్క మాటగా ఆ వాదన కొట్టేశారు. తాత్కాలికంగా ఆపి సోదా చేయవచ్చన్నారు. చీకట్లో, ఒంటరిగా, ఆయుధాల ముందు నిలబడ్డ పోలీసుకు ఆ మాత్రం అండ ఉండాలి.

విచారణ దగ్గరికొస్తే అధికారం ఇంకా సగమే. తెగ పోలీసుపై చేయిచేసుకున్న బయటివాణ్ని తెగ కోర్టులో నిలబెట్టే దారి, గృహహింస వంటి కేసుల్లో పోలీసుపై దాడి జరిగితే, 2022 చట్టంతో తెరుచుకుంది. ఒలిఫెంట్ కేసు మొదలైన దాదాపు యాభై ఏళ్లకు! తాగి బండి నడిపి రిజర్వేషన్ పిల్లవాణ్ని గుద్దిన బయటివాణ్ని మాత్రం శిక్షించే అధికారం తెగ కోర్టుకు ఇప్పటికీ లేదు. అమెరికా కాంగ్రెస్ ఆ అధికారమూ ఇవ్వాలి, వాషింగ్టన్ చట్టం లాంటివి లేని రాష్ట్రాలు వెంటనే వాటిని తెచ్చుకోవాలి.