కొలువులకే పరిమితమా ఇంజినీరింగ్‌ చదువు?

* పాఠ్యప్రణాళిక మారినా చెదరని విభాగాల గోడలు
* చేరువలోనే ఆళ్లగడ్డ శిల్పశాలలు

నంద్యాల, ఆళ్లగడ్డ: పట్టా చేతికందగానే బెంగళూరు, హైదరాబాద్‌ బాట పట్టడం నంద్యాల ప్రాంత ఇంజినీరింగ్‌ విద్యార్థులకు ఆనవాయితీగా మారింది. 1995లో రాజీవ్‌గాంధీ మెమోరియల్‌ ఇంజినీరింగ్‌ కళాశాల ఏర్పాటుతో సాంకేతిక విద్య పట్టణ ముంగిటకు వచ్చింది. 2022 ఏప్రిల్‌ 4న నంద్యాల జిల్లా కేంద్రమైంది. అయినా ఇక్కడి చదువుకు, ఇక్కడి వృత్తులకు బంధం బలపడాల్సే ఉంది.

పేరుకే కలివిడి

అనంతపురం జేఎన్‌టీయూ 2023 నిబంధనల్లో డిజైన్‌ థింకింగ్‌, టింకరింగ్‌ ల్యాబ్‌, సామాజిక సేవా ఇంటర్న్‌షిప్‌లకు చోటు దక్కింది. అదనపు క్రెడిట్లు సాధిస్తే మరో విభాగంలో మైనర్‌ డిగ్రీ పొందే వెసులుబాటును ఏఐసీటీఈ 2018 నమూనా ప్రణాళికలోనే కల్పించింది. అయితే మైనర్‌ చేసే విద్యార్థి మరో శాస్త్రాన్ని చదువుతాడే తప్ప, ఆ శాస్త్రం తెలిసిన వారితో కలిసి పనిచేయడు. చివరి ఏడాది ప్రాజెక్టు సాధారణంగా సొంత విభాగం దాటదు. లోపం పాఠంలో లేదు, పని అప్పగించే తీరులో ఉంది.

శిల్పశాలే ప్రయోగశాల

నంద్యాలకు సుమారు 40 కి.మీ. దూరంలోని ఆళ్లగడ్డ రాతి శిల్పాలకు భౌగోళిక గుర్తింపు ఉంది. రాయిని కోసే, చెక్కే పనిలో వెలువడే సిలికా ధూళి ఊపిరితిత్తులను శాశ్వతంగా దెబ్బతీసే సిలికోసిస్‌కు దారితీస్తుంది. ఈ ఒక్క సమస్యే అన్ని విభాగాలకూ పని కల్పించగలదు. ధూళిని లాగే యంత్రం మెకానికల్‌ వారిది. మోతాదును కొలిచే సెన్సార్‌ ఎలక్ట్రానిక్స్‌ వారిది. విద్యుత్తు ఖర్చు తగ్గించడం ఎలక్ట్రికల్‌ వారి వంతు. శిల్పి భరించగల ధర తేల్చడం మేనేజ్‌మెంట్‌ విద్యార్థుల బాధ్యత. ఇంతా చేసి యంత్రం శిల్పి చేతి కదలికకు అడ్డొస్తే మూలన పడుతుంది. ఈ సత్యం శిల్పి పక్కన కూర్చుంటేనే బోధపడుతుంది. వ్యాపార దక్షతకు తొలి పాఠం ఇదే.

మార్కుల తీరు మారాలి

2017లో మొదలైన స్మార్ట్‌ ఇండియా హ్యాకథాన్‌లో ఆరుగురు ఒక జట్టుగా పోటీపడతారు. ఆ స్ఫూర్తి పోటీతోనే ముగియకూడదు. రెండు విభాగాల అధ్యాపకులు ఉమ్మడిగా పర్యవేక్షించాలి. మార్కులు జట్టుకు వేయాలి. మూల్యాంకనంలో వాడకందారు మాటకూ విలువ ఇవ్వాలి. 2025 ఆగస్టులో మంగళగిరిలో ప్రారంభమైన రతన్‌ టాటా ఇన్నోవేషన్‌ హబ్‌ వంటి వేదికల తలుపు తట్టాలన్నా, కాగితంపై ఆలోచన చాలదు. కొనేవాడు మెచ్చిన నమూనా చేతిలో ఉండాలి. సామాజిక సేవా ఇంటర్న్‌షిప్‌ను సర్వే పత్రాలతో సరిపెట్టక శిల్పశాలల వైపు మళ్లిస్తే, కొత్త నిధులు రాకముందే తొలి అడుగు పడుతుంది.